ఒకే ల్యాన్ కేబుల్‌లో ఫోనూ, నెట్టూ: కేబుల్ షేరింగ్ ఎడాప్టర్లు కొనొచ్చా?

గోడలో పైపు నిండిపోయింది, ఇంకో వైరు లాగుదామంటే పోదు. ఫైబర్ మోడెం హాల్లో ఉంది, లోపలి గదికి వెళ్లేది ఒకే ఒక క్యాట్ 6 కేబుల్. ఆ గదిలో కంప్యూటర్‌కి నెట్ కావాలి, పక్కనే పెద్దవాళ్ల కోసం ల్యాండ్‌లైన్ ఫోనూ కావాలి. అపార్ట్‌మెంట్లలో ఈ చిక్కు మామూలే. దీనికి మందుగా బజార్లో ‘కేబుల్ షేరింగ్ ఎడాప్టర్’, ‘ఆర్‌జే 45 స్ప్లిటర్’, ‘వై స్ప్లిటర్’ అని బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కలు దొరుకుతాయి. ఒక పక్క ప్లగ్గు, రెండో పక్క రెండు జాకులు. ధర వందల్లోనే.

పద్ధతి మంచిదే, పని చేస్తుంది కూడా. చిక్కల్లా ఒకే పేరుతో, ఒకే ఆకారంలో, లోపల పూర్తిగా వేరు వేరు వైరింగ్ ఉన్న రకాలు పక్కపక్కనే అమ్ముతుండటం. సరైనది పడితే ఇక దాని ఊసే ఎత్తక్కర్లేదు. తప్పుది పడితే ఫోను మూగబోతుంది, నెట్ వచ్చీపోతూ ఉంటుంది, కస్టమర్ కేర్‌కి ఎన్ని ఫోన్లు చేసినా తేలదు. అందుకే ఈ సమీక్షలో ఏ కంపెనీది బాగుందన్న దానికంటే, ఏ రకం కొనాలి, కొన్నాక ఎలా పరీక్షించాలి అన్నదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

కేబుల్లో మిగిలి ఉన్నదేమిటి

క్యాట్ 5ఈ అయినా క్యాట్ 6 అయినా లోపల ఎనిమిది తీగలు, రెండేసి మెలేసిన నాలుగు జతలు. ఆరెంజ్, గ్రీన్, బ్లూ, బ్రౌన్. 100 మెగాబిట్ల ఈథర్నెట్‌కి, అంటే ల్యాన్ కేబుల్ మీద నడిచే నెట్‌కి, రెండు జతలు చాలు, ఒకటి 1-2 పిన్నుల మీద, ఇంకొకటి 3-6 పిన్నుల మీద. మన దగ్గర ఎక్కువగా వాడే టీ568బీ అనే రంగుల వరసలో అవి ఆరెంజ్, గ్రీన్. బ్లూ 4-5లో, బ్రౌన్ 7-8లో ఖాళీగా కూర్చుంటాయి. ఫోనుకి కావలసింది ఒక్క జత. ఫోను తీగకుండే ఆర్‌జే 11 ప్లగ్గులో లైను వచ్చేది మధ్య రెండు పిన్నుల మీదే, ల్యాన్ ప్లగ్గు దూరే ఆర్‌జే 45 జాక్‌లో వాటికి ఎదురుగా ఉండేవి సరిగ్గా 4-5. ఈ పొందిక కావాలని చేసిందే. టీ568ఏ వరసలో ఆరెంజ్, గ్రీన్ చోట్లు మారతాయి గానీ బ్లూ మాత్రం 4-5లోనే ఉంటుంది, కాబట్టి మీ ఎలక్ట్రీషియన్ ఏ వరస పాటించినా ఫోను జత కదలదు.

గిగాబిట్‌కి, అంటే 1000 మెగాబిట్లకి మాత్రం నాలుగు జతలూ కావాలి. అంటే ఒక జత ఫోనుకి ఇచ్చిన మరుక్షణం ఆ కేబుల్ మీద గిగాబిట్ పోయినట్టే, 100 మెగాబిట్లే గరిష్ఠం. చేతికి అందే వేగం 94 దగ్గర ఆగుతుంది. ఇంటి ప్లాను 100 లోపుదైతే నష్టమేమీ లేదు. 200, 300 ప్లాను తీసుకుని, ఆ గదిలో కంప్యూటర్ కోసమో, అక్కడి నుంచి మెష్ వైఫై నడపడం కోసమో ఈ కేబుల్ మీద ఆధారపడితే డబ్బు దండగ. టీవీ సంగతి వేరు. స్మార్ట్ టీవీల్లోనూ సెట్‌టాప్ బాక్సుల్లోనూ చాలావాటికి ఉండేదే 100 మెగాబిట్ల పోర్టు. టీవీకి వెళ్లే కేబుల్‌ని ఫోనుతో పంచుకుంటే పోయేదేమీ ఉండదు. మా దృష్టిలో ఈ ఎడాప్టర్‌కి అన్నిటికంటే తగిన చోటు అదే.

ఒకే ఆకారం, నాలుగు రకాలు

మొదటి రకంలో ప్లగ్గు మీది ఎనిమిది పిన్నులూ రెండు జాకులకీ నేరుగా, సమాంతరంగా కలిపి ఉంటాయి. ఇంటర్నెట్ దుకాణాల్లో అతి చవగ్గా దొరికేవి ఎక్కువగా ఇవే. పెట్టె మీద ‘1 నుంచి 2’ అని రాసి ఉంటుంది. రెండు జాకుల్లో రెండు కంప్యూటర్లు పెడితే రెంటి సిగ్నళ్లూ ఒకే తీగ మీద గుద్దుకుని రెండూ ఆగిపోతాయి. ఒకటి తీసేస్తేనే రెండోది నడుస్తుంది. ఒక జాక్‌లో ఫోను, ఇంకోదాంట్లో కంప్యూటర్ పెడితే ఇంకా చేటు. అందుకు కారణం ఈథర్నెట్ పోర్టు లోపలి కట్టడంలో ఉంది. 100 మెగాబిట్ల పోర్టుల్లో వాడని 4, 5 పిన్నుల్ని చాలావరకు లోపలే ఒకదానికొకటి కలిపేస్తారు. గిగాబిట్ పోర్టులో ఆ రెంటి మధ్య ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట ఉంటుంది, డీసీకి అది షార్టే. ఏదైనా ఫోను లైనుకి మాత్రం ఎవరో రిసీవర్ ఎత్తి పెట్టినట్టే కనిపిస్తుంది. డయల్ టోన్ ఉండదు, బయటినుంచి చేసేవాళ్లకి ఎంగేజ్ వస్తుంది. ఈ రకం మన పనికి పూర్తిగా పనికిరాదు.

రెండో రకం నిజంగా జతల్ని విడదీస్తుంది, అయితే రెండు కంప్యూటర్ల కోసం. మొదటి జాక్‌కి 1, 2, 3, 6 నేరుగా వస్తాయి. రెండో జాక్‌లో కేబుల్ 4, 5, 7, 8 తీగల్ని 1, 2, 3, 6 చోట్లకి మార్చి కూర్చోబెడతారు. రెండు చివరలా ఒక్కోటి పెడితే ఒకే కేబుల్ మీద రెండు 100 మెగాబిట్ల లింకులు చక్కగా నడుస్తాయి. కానీ రెండో జాక్‌లో ఫోను పెడితే మోగదు, ఎందుకంటే ఫోను చూసే మధ్య పిన్నులు అక్కడ ఖాళీ. ‘షేరింగ్ ఎడాప్టరే కొన్నాం, అయినా ఫోను రావట్లేదు’ అని వినిపించే ఫిర్యాదుల్లో కారణం తరచుగా ఇదే.

మూడో రకం మనకి కావలసింది. దాని మీద ఒక జాక్ పక్కన కంప్యూటర్ బొమ్మో ‘ల్యాన్’ అనో, ఇంకోదాని పక్కన ఫోను బొమ్మో ‘టెల్’ అనో ఉంటుంది. ల్యాన్ జాక్‌కి 1, 2, 3, 6 మాత్రమే. ఫోను జాక్‌కి 4-5 మాత్రమే. ఫోను వైపు ఆర్‌జే 11 జాకే ఉన్నది దొరికితే అదే తీసుకోండి. ఫోను వైపు కూడా ఆర్‌జే 45 జాక్ ఉంటే, అందులో మామూలు ఫోను ప్లగ్గు దూరుతుంది గానీ దాని ప్లాస్టిక్ అంచులు జాక్‌లోని 1, 8 పిన్నుల్ని లోపలికి నొక్కి వంచేస్తాయి. ఆ జాక్‌ని తర్వాత ల్యాన్‌కి వాడదామంటే ఆ పిన్ను అందక లింకు రాదు. ఒక వైపు ఆర్‌జే 45, ఇంకో వైపు ఆర్‌జే 11 ప్లగ్గు క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) తీగ వాడితే ఈ బెడద లేదు.

నాలుగోది ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తోంది. పక్కనుంచి యూఎస్‌బీ కరెంటు తీగ వస్తుంది, పెట్టె మీద ‘గిగాబిట్ స్ప్లిటర్’ అని ఉంటుంది. అది స్ప్లిటర్ కాదు, మూడు పోర్టుల చిన్న స్విచ్. రెండు కంప్యూటర్లకి బాగుంటుంది, ఒక్క వైపే పెడితే చాలు. ఫోనుకి మాత్రం దారి ఉండదు.

మొదటి మూడు రకాల్లో దేనిలోనూ చిప్పు లేదు, కరెంటు అక్కర్లేదు. లోపల ఉన్నది తీగలో, చిన్న సర్క్యూట్ పలకో అంతే. మూడో రకం ఎప్పుడూ జతగానే కొనాలి, ఒకే తయారీవి, ఒకే వైరింగ్‌వి. మోడెం వైపు ఒకటి, గది వైపు ఒకటి. ఒక్కటి కొంటే ఉపయోగం లేదు.

గోడకి పెట్టేముందు మల్టీమీటర్ పట్టండి

పెట్టె మీది బొమ్మని నమ్మొద్దు. పాత ప్యాచ్ కార్డు ఒకటి తీసుకుని ఒక చివర ప్లగ్గు కోసేసి ఎనిమిది తీగల కొసలు ఒలవండి. రెండో చివర ప్లగ్గుని ఎడాప్టర్ ల్యాన్ జాక్‌లో పెట్టండి. మీటరు బీప్ మోడ్‌లో ఉంచి ఒక ముల్లు ఎడాప్టర్ ప్లగ్గు మీది బంగారు పిన్నులకి, ఇంకో ముల్లు ఒలిచిన తీగలకి తాకించండి. క్లిప్పు వెనక్కి, పిన్నులు మీవైపు, కొస పైకి పెట్టి చూస్తే ఎడమ చివర కనిపించేది ఒకటో పిన్ను. ల్యాన్ జాక్‌లో 1, 2, 3, 6 బీప్ కొట్టాలి. 4, 5 కొట్టకూడదు. కొడితే అది మొదటి రకం, వెనక్కి పంపేయండి. తర్వాత అదే తీగని ఫోను జాక్‌లోకి మార్చి చూడండి, 4, 5 మాత్రమే పలకాలి. ఫోను వైపు ఆర్‌జే 11 జాక్ ఉంటే దానికి పాత ఫోను తీగ ఒకటి ఇలాగే ఒలిచి వాడండి. ఐదు నిమిషాల పని, దీనిముందు వారంటీ కార్డు దేనికీ కొరగాదు.

ఎల్‌ఈడీలు వరసగా వెలిగే చవక ల్యాన్ టెస్టర్ కూడా పనికొస్తుంది. రెండు ఎడాప్టర్లూ బిగించి ల్యాన్ జాకుల మధ్య పెడితే 1, 2, 3, 6 దీపాలే వెలగాలి. కాకపోతే ఫోను లైను తగిలించి ఉండగా టెస్టర్ పెట్టొద్దు. ఫోను పెట్టి ఉన్నప్పుడు ఆ జత మీద 48 వోల్టుల దగ్గర డీసీ ఉంటుంది, మోగేటప్పుడు దానిమీద 75 నుంచి 90 వోల్టుల దాకా ఏసీ వస్తుంది. టెస్టర్ కాలిపోవచ్చు. మీ వేళ్లకీ గట్టిగానే తగులుతుంది. ఫోను తీగని మోడెం దగ్గర ఊడదీశాకే మిగతా పని.

బిగించాక కనిపించే తంటాలు

ఫోను వైపు పెద్దగా ఇబ్బంది ఉండదు. ఇవాళ్టి ఫోన్లకి ప్లస్సూ మైనస్సూ ఎటైనా ఒకటే. మోడెం వెనక ‘టెల్’ లేదా ‘ఫోన్’ అని ఉన్న పోర్టునుంచి తీగ తెచ్చి ఎడాప్టర్ ఫోను జాక్‌లో పెడితే అవతల గదిలో టోన్ వస్తుంది. బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో ఫైబర్లన్నిటితోనూ ల్యాండ్‌లైన్ ఈ పద్ధతిలోనే ఇస్తున్నారు. ఆ పోర్టు ఒకటి రెండు ఫోన్లని హాయిగా మోగిస్తుంది. పాతకాలపు పెద్ద గంట ఫోన్లు రెండు మూడు కలిపితే గంట నీరసపడుతుంది. కరెంటు పోతే మోడెంతో పాటు ఫోనూ పోతుంది, రాగి తీగల రోజుల్లోలా ఎక్స్ఛేంజి నుంచి కరెంటు రాదు. పెద్దవాళ్ల కోసం పెట్టే ఫోనైతే మోడెంకి చిన్న 12 వోల్టుల యూపీఎస్ తప్పనిసరి అనే అంటాం, మోడెం కరెంటు ఎడాప్టర్ మీద 12 వోల్టులే రాసి ఉందో లేదో చూసుకుని కొనండి.

నెట్ వైపే అసలు తంటా. మోడెంలో ఉన్నది గిగాబిట్ పోర్టు, కంప్యూటర్‌లోనూ గిగాబిట్టే. లింకు మొదలయ్యేముందు రెండూ 1-2, 3-6 జతల మీదే మాట్లాడుకుని ‘నాకు 1000 వచ్చు’, ‘నాకూ వచ్చు’ అని ఒప్పందానికి వస్తాయి. తీరా 1000లో మొదలుపెట్టబోతే మిగతా రెండు జతలూ లేవు. లింకు పడిపోతుంది, మళ్లీ మాటలు, మళ్లీ అదే ఒప్పందం, మళ్లీ పడిపోవడం. కొన్ని నెట్‌వర్క్ చిప్పులు రెండు మూడుసార్లు ఓడిపోయాక తమంతట తామే 100కి దిగివస్తాయి. కొన్ని దిగవు, పోర్టు దీపం వెలుగుతూ ఆరుతూ ఉండిపోతుంది. ఎడాప్టర్ పాడైందని దుకాణానికి తిరిగి ఇచ్చేసేది ఎక్కువగా ఈ లక్షణం చూసే. నిజానికి ఎడాప్టర్‌లో లోపమేమీ లేదు.

దీనికి మందు, ఒక చివర ‘నాకు 100 వరకే వచ్చు’ అని చెప్పించడం. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ ఎడాప్టర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్లి, స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ దగ్గర 100 ఫుల్ డ్యూప్లెక్స్ (రెండు వైపులా ఒకేసారి డేటా నడవడం) ఎంచుకోవాలి. ఇందులోనూ ఒక గొయ్యి ఉంది. కొన్ని డ్రైవర్లు ఇలా ఎంచుకోగానే ఆ ఒప్పందపు మాటల్ని, అంటే ఆటో నెగోషియేషన్‌ని పూర్తిగా ఆపేస్తాయి. అప్పుడు అవతలి పోర్టుకి వేగం తెలుస్తుంది గానీ డ్యూప్లెక్స్ తెలియదు, నిబంధన ప్రకారం హాఫ్ డ్యూప్లెక్స్‌లోకి (ఒకసారికి ఒక వైపే) వెళ్లిపోతుంది. లింకు దీపం నిలకడగా ఉంటుంది, పింగ్ బాగానే వస్తుంది, పెద్ద ఫైలు దింపబోతే మాత్రం వేగం నేలకి దిగుతుంది. లినక్స్‌లో ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో ఆటో నెగోషియేషన్ ఉంచుతూనే ప్రకటించే వేగాల్ని 100 ఫుల్‌కి పరిమితం చేయొచ్చు, అది సరైన పద్ధతి.

అంతకంటే తేలిక దారి ఇంకోటుంది, మా సిఫారసు కూడా అదే. గది వైపు ఎడాప్టర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య 10/100 మెగాబిట్లు మాత్రమే వచ్చే ఐదు పోర్టుల చిన్న స్విచ్ పెట్టండి. టీపీ-లింక్ లాంటి కంపెనీలవి కొన్ని వందల్లోనే దొరుకుతాయి. దానికి గిగాబిట్ అన్న మాటే తెలియదు కాబట్టి బేరం మొదటిసారే 100 దగ్గర తెగుతుంది, డ్యూప్లెక్స్ గొడవా ఉండదు. పైగా కంప్యూటర్‌కి, టీవీకి, ప్రింటర్‌కి పోర్టులు మిగులుతాయి. నేరుగా టీవీకే పెడితే ఇవేవీ అక్కర్లేదు.

ఫోను మోగితే నెట్ తెగుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. తెగకూడదు. ఫోను గంట 20, 25 హెర్ట్జ్‌లో నడిచే సిగ్నల్, డేటా అంతకంటే లక్షల రెట్లు పైన ఉంటుంది. పోర్టు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ తక్కువ ఫ్రీక్వెన్సీని లోపలికి రానివ్వదు, జతల మెలిక మిగతాది చూసుకుంటుంది. రిసీవర్ ఎత్తే క్షణంలో ఒకటి రెండు ప్యాకెట్లు పోయినా మళ్లీ పంపుకుంటాయి, మనకి తెలియదు.

అయినా మీ ఇంట్లో ఫోను మోగినప్పుడల్లా నెట్ తెగుతోందంటే గోడ చివర క్రింపింగ్ చూడండి. ఎలక్ట్రీషియన్లు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. రంగుల్ని చూడ్డానికి అందంగా జత పక్కన జత పేర్చేస్తారు: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, గ్రీన్, తెలుపు-బ్లూ, బ్లూ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. రెండు చివరలా అలాగే చేస్తే టెస్టర్లో ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతాయి, అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ డేటా వాడే 3-6 పిన్నుల మీద ఇప్పుడు ఉన్నవి తెలుపు-గ్రీన్, బ్లూ. ఫోను వాడే 4-5 మీద ఉన్నవి గ్రీన్, తెలుపు-బ్లూ. అంటే డేటా తీగ ఒక్కొక్కటీ ఫోను తీగ ఒక్కొక్కదానితో మెలేసుకుని గది చివరిదాకా వెళ్తోంది. ఇక గంట మోగితే నెట్ ఎందుకు నిలుస్తుంది? సరైన వరస ఇది: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. గ్రీన్ జత విడిపోయి మధ్యలో బ్లూ జతకి చోటివ్వాలి. రెండు చివర్లూ కోసి ఈ వరసలో మళ్లీ క్రింప్ చేస్తే జబ్బు కుదురుతుంది, కొత్త కేబుల్ అక్కర్లేదు.

ఎడాప్టర్ కంటే మెరుగైనది: గోడ ప్లేటులోనే విడదీయడం

ఇల్లు మీదే అయితే, పంచ్ డౌన్ టూల్ (జాక్ వెనక గాడిలోకి తీగని నొక్కే పనిముట్టు) చేతపట్టడం వస్తే, బయట వేలాడే ఎడాప్టర్ల కంటే గోడ పెట్టెలోనే జతల్ని వేరు చేయడం చాలా మెరుగు. ఎడాప్టర్ అంటే అదనంగా రెండు చోట్ల ప్లగ్గూ జాకూ. మంచం జరిపినప్పుడో, తుడిచేటప్పుడో తగిలి వదులవుతూ ఉంటుంది. లెగ్రాండ్, ఆంకర్ లాంటి మాడ్యులర్ ప్లేట్లలో ఆర్‌జే 45, ఆర్‌జే 11 మాడ్యూళ్లు విడివిడిగా దొరుకుతాయి. ఒక్కో చివరకి కావలసింది రెండు మాడ్యూళ్ల ప్లేటు, ఒక ఆర్‌జే 45, ఒక ఆర్‌జే 11.

ముందు పాత జాక్ ఊడదీసి, కేబుల్ ఓ జానెడు బయటికి రానివ్వండి. పై తొడుగు నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే ఒలవండి, లోపలి తీగకి కత్తి తగలకూడదు. ఆరెంజ్, గ్రీన్ జతల్ని ఆర్‌జే 45 వెనక బీ గుర్తుల ప్రకారం 1, 2, 3, 6 గాళ్లలో పంచ్ చేయండి. మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లకి మించొద్దు. ఈ ఒక్క విషయంలో చాలామంది చేతులు వదులు, నాలుగు వేళ్ల వెడల్పున విప్పి ‘పర్లేదులే’ అంటారు. ఫోనుతో కలిసి ప్రయాణించే కేబుల్‌లో అది పర్లేదు అనుకోదగ్గది కాదు. బ్లూ జతని ఆర్‌జే 11 మధ్య రెండు టెర్మినళ్లకి ఇవ్వండి. బ్రౌన్ జతని కోయొద్దు, తొడుగు చుట్టూ చుట్టి వదిలేయండి. రేపు ఇంటర్‌కమ్‌కో, బ్లూ తెగితేనో అదే దిక్కు. రెండో చివర కూడా అచ్చం ఇలాగే. ప్లేటు మూసేముందు లోపల చిన్న చీటీ మీద ‘ఆరెంజ్, గ్రీన్: ల్యాన్. బ్లూ: ఫోన్. బ్రౌన్: ఖాళీ’ అని రాసి అంటించండి. తర్వాత ఎవరో వచ్చి ‘ఈ జాక్‌లో నాలుగు తీగలు తప్పిపోయాయి’ అనుకుని అన్నీ కలిపేయకుండా ఉంటారు.

ప్లేటు విప్పిన చేత్తోనే కేబుల్ నాణ్యత కూడా చూసుకోవచ్చు. మోడెం వైపు ఏమీ తగిలించకుండా, అవతలి చివర బ్లూ జత రెండు తీగల్నీ కలిపి మెలేసి, ఇవతల మీటరుతో ఓమ్స్ చూడండి. అసలైన రాగి క్యాట్ 5ఈ 20 మీటర్లకి దాదాపు మూడున్నర ఓమ్స్ చూపిస్తుంది. క్యాట్ 6లో తీగ కాస్త లావు కాబట్టి మూడు లోపే రావాలి. మీటరు ముళ్లు రెండూ తాకించినప్పుడు కనిపించే అంకె అందులోంచి తీసేయండి. ఐదు దాటిందంటే అది అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక రకం అయ్యుండొచ్చు. ఫోను దాని మీదా మోగుతుంది, 100 మెగాబిట్లూ వస్తాయి. కానీ ఆ తీగ రెండుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది, పంచ్ చేసిన చోట కాలక్రమేణా వదులవుతుంది. అలాంటి కేబుల్ ఉన్న గోడలో జాకుని మాటిమాటికీ విప్పకుండా, ఒకసారి బిగించి వదిలేయడమే మేలు.

ఎక్కడ వద్దంటే వద్దు

కేబుల్ మీద కరెంటు పంపే ఏర్పాటు, అంటే పీఓఈ ఉన్నచోట ఈ ఎడాప్టర్లు పెట్టకండి. మేడ మీది రేడియోకి, కొన్ని సీసీ కెమెరాలకి వాడే పాసివ్ ఇంజెక్టర్లు 4-5 మీద ప్లస్, 7-8 మీద మైనస్ పంపుతాయి. 4, 5 రెండూ అక్కడ ఒకటిగా కలిసి ఉంటాయి కాబట్టి ఫోను లైను షార్ట్ అయిపోతుంది, అదీ కాక ఆ వోల్టేజి ఫోను పోర్టులోకి వెళ్తుంది. ప్రమాణం ప్రకారం చేసిన పీఓఈ స్విచ్‌లు అవతల తగిన పరికరం ఉందో లేదో చూశాకే కరెంటు ఇస్తాయి. పాసివ్ ఇంజెక్టర్లు అలా చూడవు, తగిలించగానే ఇచ్చేస్తాయి.

అపార్ట్‌మెంట్ ఇంటర్‌కమ్ లైను విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఫ్లాటు తలుపు దగ్గరికి వచ్చే ఇంటర్‌కమ్ జత మామూలు అనలాగ్ ఫోను లైను లాంటిదే, కేబుల్ పంచుకుని లోపలి గదికి తీసుకెళ్లొచ్చు. ఫైబర్ మోడెం ఫోను పోర్టుకీ దీనికీ తేడా ఏమిటంటే, ఫైబర్‌లో బయటినుంచి లోహపు తీగ రాదు, ఇంటర్‌కమ్ మాత్రం రాగి తీగ. అది బ్లాకుకీ బ్లాకుకీ మధ్య మేడ మీదుగానో, బయట గోడ వెంటో వచ్చిందైతే పిడుగుల వానలో వచ్చే సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి) మీ కంప్యూటర్ కేబుల్ తొడుగులోకి నేరుగా దిగుతుంది. గేటు దగ్గర్నుంచి షాఫ్ట్ లోపల్లోపలే వచ్చిందైతే సరే. బయటి నుంచి వస్తే మధ్యలో టెలిఫోన్ లైన్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాలి, లేదా పంచుకోవడం మానుకోవాలి. రాగి తీగ ల్యాండ్‌లైన్ ఇంకా ఉన్న ఊళ్లలోనూ ఇదే మాట. ఆ లైను మీద బ్రాడ్‌బ్యాండ్ కూడా ఉంటే, మోడెం దగ్గరి ఫిల్టర్‌లో ‘ఫోన్’ అని ఉన్న వైపునుంచి వచ్చే తీగనే పంచుకునే కేబుల్‌కి ఇవ్వండి. ఫిల్టర్‌కి ముందున్న లైను ఇవ్వొద్దు.

ఇంకేం దారులున్నాయి

ఫోను అవతల గదిలో ఉంటే చాలు, తీగతోనే ఉండాలన్న పట్టింపు లేకపోతే, మోడెం పక్కన కార్డ్‌లెస్ ఫోను బేస్ పెట్టి హ్యాండ్‌సెట్టూ, దాని చార్జర్ గూడూ లోపలి గదిలో పెట్టుకోండి. కేబుల్ నాలుగు జతలూ గిగాబిట్‌కి మిగులుతాయి. 200 మెగాబిట్లు దాటిన ప్లాను ఉన్నవాళ్లకి మేం ఎడాప్టర్ కంటే ముందు చెప్పేది ఇదే. రెండు మూడు గోడల అవతల సిగ్నల్ బలహీనపడటం, రాత్రి చార్జర్ మీద పెట్టడం మరిచిపోవడం దీనితో వచ్చే ఇబ్బందులు.

ఎటీఏ (మామూలు ఫోనుని నెట్‌కి కలిపే పెట్టె) పెట్టి ఫోనుని కూడా నెట్ మీదే నడపమని కొందరు సలహా ఇస్తారు. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 లాంటి పెట్టెకి ఒక వైపు ల్యాన్, ఇంకో వైపు మామూలు ఫోను. గది వైపు గిగాబిట్ స్విచ్ పెట్టి ఒక పోర్టు దానికి, ఒకటి కంప్యూటర్‌కి ఇస్తే గిగాబిట్టూ ఉంటుంది, ఫోనూ ఉంటుంది. సాంకేతికంగా ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు. అయితే ల్యాండ్‌లైన్ ఇచ్చిన సంస్థ సిప్ (నెట్ మీద ఫోను నడిపే పద్ధతి) యూజర్ నేమూ పాస్‌వర్డూ మీ చేతికిస్తేనే ఆ నంబరు ఎటీఏ మీద మోగుతుంది. ఇళ్లకిచ్చే ఫైబర్ ల్యాండ్‌లైన్లలో ఆ వివరాలు మోడెం లోపలే ఉంచేయడం మామూలు. కొనేముందు అడగండి. సొంత సిప్ సర్వీసు ఉన్న చిన్న ఆఫీసులకి మాత్రం కళ్లు మూసుకుని ఇదే తీసుకోమంటాం.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి సమస్య తిరగబడి ఎదురవుతుంది. 2000 తర్వాత కట్టిన చాలా ఇళ్లలో ఫోను జాకుల వెనక ఉన్నది క్యాట్ 5ఈనే, వాడింది మాత్రం ఒక్క బ్లూ జత. కేబుళ్లన్నీ అల్మరాలోని ప్యానెల్‌కి విడివిడిగా వస్తున్నాయా, లేక ఒక జాక్ నుంచి ఇంకో జాక్‌కి గొలుసులా వెళ్తున్నాయా అన్నది ముందు చూసుకోండి. విడివిడిగా వస్తే, ల్యాండ్‌లైన్ లేనివాళ్లు రెండు చివరలా ఆర్‌జే 45 పెట్టుకుంటే పూర్తి గిగాబిట్ వస్తుంది, షేరింగ్ ఆలోచనే అక్కర్లేదు. ప్యానెల్‌లో బ్లూ తీగలన్నిటినీ ఒకే పలక మీద కలిపేసి ఉంటారు, కావలసిన కేబుల్‌ని దాన్నుంచి పూర్తిగా విడదీశాకే జాక్ బిగించాలి. గొలుసు వైరింగ్ అయితే మధ్యలో వచ్చే ప్రతి జాక్ దగ్గరా ఒక స్విచ్ పెట్టాలి, లేదా లోపలికీ బయటికీ వెళ్లే రెండు కేబుళ్లనీ జత జతకీ కలిపి ఆ గదిని వదులుకోవాలి.

ఇక కొనేవాళ్లకి మా లెక్క చెప్పాలంటే, టీవీ గదికి ల్యాన్-టెల్ ఎడాప్టర్ల జతకి 5లో 4 ఇస్తాం. అద్దె ఇంట్లో ప్లేటు విప్పే వీలు లేనివాళ్లకీ అంతే, ఖాళీ చేసేటప్పుడు ఊడదీసి పట్టుకుపోవచ్చు. సొంత ఇంట్లో గోడ ప్లేటు పద్ధతికి 5లో నాలుగున్నర. ల్యాన్-ల్యాన్ రకం (పైన చెప్పిన రెండోది) రెండు 100 మెగాబిట్ల పరికరాలకి బాగుంటుంది, ఫోను కోసమైతే సున్నా. ఎనిమిది తీగలూ సమాంతరంగా కలిపినదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా ఇంటికి తేవద్దు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేముందు వస్తువు పేజీలో పిన్నుల బొమ్మ ఉందేమో వెతకండి, లేకపోతే ‘ఫోను జాక్‌కి 4-5 మాత్రమే వస్తాయా, ల్యాన్ జాక్‌లో 4-5 ఖాళీయేనా’ అని అమ్మేవాళ్లనే అడగండి. ఆ రెండు ప్రశ్నలకీ సూటిగా జవాబు రాకపోతే వేరే చోట కొనుక్కోండి.